మసి తలుపు

విచారణ సంఘం రికార్డు గదిలో ఇనప రాక్ కాలు విరిగి, పద్నాలుగు పెట్టెల సాక్ష్యాలు నేలపాలయ్యాయి. మర్నాటితో సంఘం గడువు సరి. వెల్డింగు మనిషికి ఫోన్ చేస్తే వచ్చే వారం వస్తానన్నాడట. కార్యదర్శి గారు తల పట్టుకుని కూర్చుంటే నేనే ధైర్యం చేసి చెప్పాను.

"మా నాన్న వెల్డరండి. గంటలో వస్తాడు."

నేనక్కడ తాత్కాలిక గుమస్తాని. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. నాలుగేళ్ల కిందట అప్పటి ప్రధాని చట్టసభలో ఒక ఫొటో చూపించాడు. పొరుగు దేశంలోని షెడ్డులో మూడు లావుపాటి ఉక్కు గొట్టాలు. క్షిపణి గొట్టాలన్నాడు, నలభై రోజుల్లో మన మీద పడతాయన్నాడు. వారం తిరక్కుండా యుద్ధం మొదలైంది. అన్నయ్య వెళ్ళాడు, కుడి చెయ్యి మోచేతి దాకా పోగొట్టుకుని వచ్చాడు. క్షిపణులు మాత్రం ఎవరికీ దొరకలేదు. దాని మీదే ఈ విచారణ. ఇప్పుడా ప్రధాని మాజీ. "నాకిచ్చింది నేను చూపించాను, పొరపాటు జరిగింది" అంటున్నాడు. నివేదిక ముసాయిదాలోనూ 'పొరపాటు' అనే ఉంది. దాన్ని టైపు చేసింది నేనే. ఆ మాట దగ్గర వేళ్ళు కదల్లేదు, కానీ ఉద్యోగం ఉద్యోగమే కదా.

నాన్న వచ్చాడు. వెనకాలే సామాన్ల సంచీ ఎడమ చేత్తో మోసుకుంటూ అన్నయ్య. రాక్ కాలు అతికించి, ముఖానికున్న తొడుగు పైకెత్తి, గోడ మీది ఫొటో చూస్తూ ఉండిపోయాడు నాన్న. ప్రధాని చూపించిన ఫొటోనే, పెద్దది చేసి అంటించారు.

"రాక్ పని అయిపోయింది కదా నాన్నా," అన్నాను.

"ఇది నా చెయ్యే."

"ఏది?"

"ఈ అతుకు. నాది ఎడమచేతి వాటం కదే, అతుకు మీద లేచే పొలుసులు ఎదురు వైపు తిరుగుతాయి. చివర పగలకుండా మూడు చుక్కలు పెడతాను, చూడు."

అన్నయ్య నవ్వాడు. "నువ్వు క్షిపణులు కూడా చేశావన్నమాట. ఇంట్లో చెప్పనే లేదు."

"పొగగొట్టాలురా. సరిహద్దు అవతల ఇటుక బట్టీ ఆసామికి చేసిచ్చాం. నువ్వే పట్టుకున్నావు, మూడోది నీ కాలి మీద పడబోయింది."

అన్నయ్య నవ్వు ఆగిపోయింది. నాన్న గొంతు తగ్గింది.

"నా గొట్టం చూపించి నా కొడుకునే పంపించారా?"

నేను కార్యదర్శి గారి గదికి పరిగెత్తాను. ఆయన గడియారం చూశాడు. మూడున్నర.

"కొత్త సాక్షుల్ని నాలుగింటి వరకే తీసుకుంటాం. నువ్వు కూతురివి, మీ నాన్న వాంగ్మూలం ముట్టుకోకు. వేరే ఆయన టైపు చేస్తాడు."

ఆ వేరే ఆయన రెండు వేళ్ళతో టైపు చేస్తాడు. ఒక్కో అక్షరం వెతుక్కుని పొడుస్తుంటే నా ప్రాణం గిలగిలలాడింది. చేతులు ఒళ్ళో కట్టేసుకుని కూర్చున్నాను. నాలుగింటికి ఆరు నిమిషాలుందనగా ముద్ర పడింది.

వెంటనే నాన్నని విచారణ గదిలో సాక్షుల కుర్చీలో కూర్చోబెట్టి, గోడ మీది ఫొటో తెచ్చి ఎదురుగా పెట్టారు. మాజీ ప్రధాని ముందు వరసలో ఉన్నాడు. ప్రమాణం లేకుండా అతిథిగా మాట్లాడేలా మొదట్లోనే ఒప్పించుకున్నాడు. ఆయన వకీలు లేచాడు.

"మీరేం చదువుకున్నారు?"

"మా అమ్మాయి చదివింది సార్," అన్నాడు నాన్న. గది నవ్వింది.

"ఇలాంటి అతుకులు వేసే చేతులు వెయ్యి ఉంటాయి."

"ఉంటాయి సార్. అతుకు సంగతి వదిలేయండి. ఫొటో కింది అంచు చూడండి, మూడు గొట్టాలూ ఒక్క చోటే తెగాయి. నావే అయితే ఆ అతుక్కి జానెడు కింద మసి తీసే తలుపుండాలి. మూడోదానికి గడియ పొట్టిదైపోతే బోల్టు బిగించాను. క్షిపణికి మసి తలుపెందుకు సార్? అక్కడ లేకపోతే నేను అబద్ధాలకోరునని రాసుకోండి."

నాన్న ఎప్పుడూ ఇంత పొడుగ్గా మాట్లాడడు.

సంఘం అధ్యక్షురాలు, రిటైరైన జడ్జి గారు, కళ్ళద్దాలు సర్దుకున్నారు. "రక్షణ శాఖ అసలు ఫొటో సీలు కవర్లో ఇచ్చింది కదా?"

"చూపించిందీ అదీ ఒకటేనని రాసిచ్చారు మేడమ్, అందుకని విప్పలేదు," అన్నాడు కార్యదర్శి.

వకీలు అడ్డుపడ్డాడు. "ఇది దేశ భద్రతకి సంబంధించింది."

"పొగగొట్టం తలుపులో దేశ భద్రత ఎంతుందో చూద్దాం. విప్పండి."

కవరు పదకొండో పెట్టెలో ఉందని నాకు తెలుసు. చెప్పాను, ముట్టుకోలేదు. రెండు వేళ్ళాయన ఆ వయసులో అంత పరుగు ఎలా తీశాడో.

సీలు చిట్లింది. ప్రధాని చూపించినదానికంటే అసలు ఫొటో కింది వైపు ఇంకా ఉంది. అక్కడ మూడు చిన్న తలుపులు. మూడోదానికి బోల్టు. అన్నయ్య నా భుజం నొప్పి పుట్టేలా పట్టుకున్నాడు. తలుపులకి కాస్త పైన అడ్డంగా ఎర్ర పెన్సిలు గీత, పక్కనే చేతిరాత. జడ్జి గారు పైకి చదివారు.

"'దీని కింద ఏదీ కనపడకూడదు.' కింద పొట్టి సంతకం." ముందు వరస వైపు చూశారు. "ఎవరిది?"

వకీలు మాజీ ప్రధాని చెవిలో ఏదో చెప్పబోయాడు. ఆయన వినలేదు, ఫొటోనే చూస్తున్నాడు.

"నాదే."

కార్యదర్శి పెన్ను తీసి ఆ మాట రాసుకున్నాడు.

"ఇంతసేపూ అతిథిగా మాట్లాడారు," అన్నారు జడ్జి గారు. "ఇక సాక్షిగా మాట్లాడాలి. వచ్చి ప్రమాణం చేయండి. నివేదిక గడువు నేను పొడిగిస్తున్నాను."

ఆయన లేచాడు. గదిలో సాక్షుల కుర్చీ ఒక్కటే ఉంది. నాన్న అందులోంచి లేచి, చేత్తో దాన్ని తుడిచి, పక్కకి జరిగాడు.

"కూర్చోండి సార్."