తొమ్మిదో వరుసకు ఎర్ర రంగు

ముప్పై ఒక్కేళ్ళుగా పంపుహౌసులో చక్రాలు తిప్పుతున్న మేస్త్రికి ఏ వాల్వు ఎంత తిప్పితే ఎంత నీరు పోతుందో కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. అదే చేతికి కంప్యూటరు మౌసు ఇస్తే మాత్రం తడి సబ్బు పట్టుకున్నట్టే జారిపోతుంది. అందుకే ఆ ఆదివారం మధ్యాహ్నం కోడల్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, తాను పక్కన స్టూలు వేసుకుని స్లైడు రాయిస్తున్నాడు.

సంగతేమిటంటే, పంపుహౌసులో నాలుగో నంబరు వాల్వుకు వయసు మీరిపోయింది. దాని వెనక నిలువెత్తు మనిషి మునిగేంత గుంట ఉంది. నెలకోసారి ఆ వాల్వు మూసి, గుంటలో నీరు తోడించి, ఒక మనిషి లోపలికి దిగి జల్లెడకు పట్టిన చెత్త తీయాలి. ఆ దిగే మనిషి మేస్త్రికి స్వయానా బావమరిది. పంపుహౌసులో అందరూ అతన్ని కప్ప అంటారు. ఇరవై ఏళ్ళుగా గుంటల్లో దిగుతున్నాడు గాని ఈత మాత్రం రాదు. ఈత రాని కప్పను చూడాలంటే మా గుంటకే రావాలని తోటివాళ్ళు ఆటపట్టిస్తుంటారు.

మనిషి లోపలుండగా, మూసిన వాల్వు చక్రానికి ఎర్రగుడ్డ కడతారు. ఆ గుడ్డ ఉన్నంతసేపు పై వీధులవాళ్ళు నీళ్ళు రావడం లేదని బిందెలు పట్టుకొచ్చి తిట్టినా సరే, చక్రం మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. దిగినవాడు పైకొచ్చి తన చేత్తో తానే గుడ్డ విప్పుకోవాలి. అది అక్కడి కట్టుబాటు.

ఇప్పుడొచ్చిన చిక్కేమిటంటే, వాల్వు లోపలి పలక అంచు అరిగిపోయి, మూసినా నీరు ఆగడం లేదు. గుడ్డ పని గుడ్డ చేస్తోంది, వాల్వే దాని పని మానేసింది. కిందటేడు కప్ప పాదాలు తడిశాయి. తర్వాత మోకాళ్ళు. పోయిన నెల నిచ్చెన అందుకునేలోపే నీరు నడుము దాకా వచ్చేసింది. వాల్వు మార్చమని మేస్త్రి మూడుసార్లు అర్జీ పెట్టాడు. మూడూ ‘పరిశీలిద్దాం’ అన్న ముక్క రాయించుకుని గోడకు కొట్టిన బంతుల్లా తిరిగొచ్చాయి. ఈలోగా మునిసిపాలిటీకి కొత్త పెద్దాఫీసరు వచ్చాడు. కాగితాలు చదివే ఓపిక తనకు లేదని, ఎవరికేం కావాలన్నా మనిషికొక స్లైడు, అయిదు నిమిషాలు అని చెప్పేశాడు. మీటింగు బుధవారం.

“గొట్టం వెడల్పు రాశావా అమ్మాయ్?”

“రాశాను మామయ్యా.”

“దాన్ని లావు చెయ్యి.”

చేసింది.

“వాల్వు బిగించిన సంవత్సరం?”

“అదీ రాశాను.”

“అదీ లావు చెయ్యి. ఎంత పాతదో తెలియాలి గదా. కింద గీత కూడా కొట్టు.”

నాలుగో వరుస దాకా వచ్చేసరికి అన్నీ లావెక్కి, లావు లావులా కనబడటమే మానేసింది. అందుకని ఎర్ర రంగు వేయించాడు. ఆరో వరుసకు ఎరుపూ చప్పబడింది. వెనకాల పసుపు పూయించాడు.

కోడలు రోజంతా ఆఫీసులో ఇలాంటి స్లైడులే చేస్తుంది. ఇది ఎక్కడికి పోతోందో ఆమెకు మూడో వరుసలోనే అర్థమైంది. అయితే ఆ ఇంటికొచ్చి ఆరు నెలలే. మామగారి మాటకు అడ్డు చెప్పే వయసు ఆ కాపురానికి ఇంకా రాలేదు.

“మామయ్యా, అన్నీ ఇలా ఉంటే మరి...” అని నసిగింది.

“అన్నీ ముఖ్యమే గదమ్మా. ముఖ్యం కానిది నేనెందుకు చెబుతాను?”

“సరే. తొమ్మిదోది చెప్పండి.”

మేస్త్రి వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. “శుభ్రపరచు సమయమున నీటిమట్టము నడుము వరకు చేరినది. అంతే, అలా రాసెయ్.”

“నడుము దాకానా? బాబాయ్ దిగినప్పుడేనా?”

“గట్టిగా అనకమ్మా. మీ అత్తయ్యకు మోకాలు దాకానే తెలుసు.”

“మరి దీనికి ఏ రంగు?”

“అదీ ఎరుపే పెట్టెయ్. మందలో కలిసిపోతుంది.”

అదీ ఆయన ఇరకాటం. ఆఫీసరుకు కనబడాల్సిన మాటా, ఇంట్లో కనబడకూడని మాటా ఒక్కటే. గుంటలోంచి పైకొచ్చిన రోజున కప్ప వణుకుతూనే ఒట్టేయించుకున్నాడు. “మా అక్కకు తెలిసిందా, నన్ను గుంటలో దిగనివ్వదు, నిన్ను ఇంట్లో అడుగు పెట్టనివ్వదు. ఇద్దరం వీధిలోనే” అన్నాడు. ఆ వాల్వుతో మల్లగుల్లాలు పడుతూనే, నెల రోజులుగా మేస్త్రి ఇంట్లో నడుమును మోకాలని చెప్పుకొస్తున్నాడు.

సాయంత్రం టీవేళకు కప్ప వచ్చాడు. అతని వెనకే టీ గ్లాసులతో అక్కా వచ్చింది. మేస్త్రి గొంతు సవరించుకుని, మీటింగులో చెప్పబోయేదంతా ఒకసారి వినిపిస్తానన్నాడు. కోడలు తెర వాళ్ళ వైపు తిప్పింది.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని చూసి, “ఏమిటండీ ఇది? మిరపకాయలు ఆరబోసినట్టుంది” అంది.

“పై నుంచి చదవవే.”

ఆమె గొంతెత్తి రెండు వరుసలు చదివింది. మూడో వరుసకు కళ్ళు చిట్లించింది. నాలుగో వరుసకు టీ చల్లారిపోతోందని గుర్తొచ్చింది. కప్ప మాత్రం కిందినుంచి పైకీ, పైనుంచి కిందికీ వెతుకుతూ గడ్డం గోక్కున్నాడు.

“బావా, ఇన్ని ఎర్రగుడ్డలు కట్టావు. ఇందులో నేనెక్కడున్నాను?”

నవ్వులాటకే అన్నాడు గాని మేస్త్రి నవ్వలేకపోయాడు. ముప్పై ఒక్కేళ్ళలో పంపుహౌసులో రెండు చక్రాలకు ఒకేసారి గుడ్డ కట్టిన రోజు లేదు. అలా కట్టినవాణ్ణి ఆయనే మెడబట్టి గెంటేసేవాడు.

కోడలి చేతిలో మౌసు ఎప్పుడు కదిలిందో ఏమో, తెర మీది బాణం గుర్తు మెల్లగా కిందికి వచ్చి ఒకచోట ఆగింది. “తొమ్మిదో వరుసలో ఉన్నావు బాబాయ్” అంది.

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని ఆ వరుస చదివింది. మళ్ళీ చదివింది. గ్లాసు కింద పెట్టింది.

“నడుమంటే ఎవరి నడుమురా?”

“నాదేలే అక్కా. నాది కాస్త పొట్టి నడుము.”

“మోకాలన్నారు గదా నాతో.”

మేస్త్రి స్టూలు కాస్త వెనక్కి జరుపుకున్నాడు. కప్ప టీ గ్లాసులో ఏదో పడినట్టు అందులోకే చూస్తున్నాడు. ఇద్దరి మీదా విరుచుకుపడుతుందనుకుంటే ఆమె ఆ పని చెయ్యలేదు. తమ్ముడి పక్కకు జరిగి కూర్చుంది. అతని మోకాలి మీద చెయ్యి వేసి, అక్కణ్ణుంచి నడుము దాకా జానతో కొలిచింది. రెండు జానలు వచ్చింది. నీటికి ఈ కొస నుంచి ఆ కొస ఎంతో దూరం కాదని ఆమె మొహంలో తెలిసింది.

“నాకు కనబడకూడదని రాసింది వాళ్ళకు మాత్రం ఎలా కనబడుతుందండీ?” అంది భర్తతో, తిట్టకుండానే.

మేస్త్రి కోడలి వైపు తిరిగాడు.

“అమ్మాయ్, ఆ మిగతావాటికి రంగులు తీసెయ్.”

కోడలు నాలుగు నొక్కులు నొక్కింది. పసుపు పోయింది, గీతలు పోయాయి, అక్షరాలన్నీ సన్నబడి నల్లగా, బుద్ధిగా కూర్చున్నాయి. మధ్యలో తొమ్మిదోది ఒక్కటే ఎర్రగా మిగిలింది. “మాటలు కూడా మారుద్దామా మామయ్యా? నీటిమట్టమూ అదీ కాకుండా, మనం ఇంట్లో చెప్పుకునేట్టే” అని, తనే టైపు చేసేసింది. ‘గుంటలో మనిషి ఉండగా నీరు నడుము దాకా వచ్చింది.’

మేస్త్రి ఆ వరుస పైకి చదివాడు. అయినా ఆశ చావలేదు.

“సంవత్సరం కింద ఒక్క గీత?”

“వద్దు మామయ్యా.”

“పోనీ, గొట్టం వెడల్పు కాస్త లావు?”

“అందరూ అందలమెక్కితే మోసేవాళ్ళెవరు? అవన్నీ మోయనివ్వండి.”

ఆరు నెలల్లో ఆ పిల్ల ఆయన మాట కాదనడం అదే మొదలు. మేస్త్రి భార్య వైపు చూశాడు, నీ కోడలు చూశావా అన్నట్టు. ఆమె కోడలి గ్లాసులో ఇంకొంచెం టీ పోసింది.

బుధవారం మీటింగులో మేస్త్రి కంటే ముందు తోటల శాఖ వంతు వచ్చింది. వాళ్ళ స్లైడులో అక్షరాలు నాలుగు మూలలనుంచీ ఎగిరొచ్చి, గిరగిరా తిరిగి, ఒకదాని మీదొకటి వాలుతున్నాయి. పెద్దాఫీసరు గోడ గడియారం కేసి చూస్తున్నాడు. మొన్న ఆదివారం దాకా తన మిరపకాయల కళ్ళం కూడా ఇలాగే ఉండేది గదా అనుకుని మేస్త్రి లోపల్లోపల సిగ్గుపడ్డాడు.

ఆయన స్లైడు పడింది. మొదటి వరుస నుంచి మొదలుపెడదామని మేస్త్రి నోరు తెరిచేలోగా ఆఫీసరు గడియారం మీంచి చూపు తిప్పాడు.

“ఈ మనిషెవరు?”

“మా బావమరిదండీ.”

“ఎలా ఉన్నాడిప్పుడు?”

“బయట బెంచీ మీద ఉన్నాడండీ. శుక్రవారం మళ్ళీ దిగాలి.”

ఆఫీసరు పక్కనే కూర్చున్న ఇంజనీరు వైపు తిరిగాడు. మూడు అర్జీల మీదా ‘పరిశీలిద్దాం’ అని రాసింది ఆయనే. “పరిశీలనలోనే ఉందండీ” అన్నాడాయన.

“తేదీ చెప్పండి.”

ఇంజనీరు ఫోనులో క్యాలెండరు తిరగేసి ఒక తేదీ చెప్పాడు. ఆఫీసరు దాన్ని పదిరోజులు ముందుకు జరిపాడు. వాల్వు మారేదాకా ఆ గుంటలో ఎవరూ దిగడానికి వీల్లేదని కూడా అన్నాడు. అంతా కలిపి ఒక్క నిమిషం పట్టింది. మేస్త్రికింకా నాలుగు నిమిషాలు మిగిలున్నాయి, వదులుకోవడానికి మనసు రాలేదు.

“గొట్టం వెడల్పు కూడా చెప్పమంటారా అండీ?”

“అక్కడ రాసుంది గదా మేస్త్రీ. చదువుకుంటాలే.”

బయటికొచ్చాక కప్ప సంగతంతా విని, “అయితే పన్నెండు వరుసల్లో పని చేసింది నేనొక్కణ్ణే అన్నమాట. ఇన్నేళ్ళ సర్వీసులో నువ్వేం చేసినట్టు బావా?” అన్నాడు.

కొత్త వాల్వు బిగించిన మర్నాడు కప్ప గుంటలోకి దిగాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా పంపుహౌసు గడప తొక్కని అక్క ఆరోజు వచ్చి చక్రం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ఎర్రగుడ్డ తానే కట్టింది, రెండు ముళ్ళు వేసి. ఒక్క ముడి చాలునన్నాడు మేస్త్రి. ఆమె వినిపించుకోలేదు.

పావుగంటకు పై వీధుల నుంచి ఫోను మోగింది. మేస్త్రి లేచేలోగా ఆమే ఎత్తింది.

“మా తమ్ముడు లోపలున్నాడు. ఆగండి” అని పెట్టేసింది.

కాసేపటికి నిచ్చెన కిర్రుమంది. కప్ప పైకొచ్చాడు. మడమల దాకా బురద, ఆపైన పొడి. అక్క వంగి చూసి తృప్తిపడ్డాక, అతను గుడ్డ విప్పడానికి కూర్చున్నాడు. రెండో ముడి ఒక పట్టాన రాలేదు. ఫోను మళ్ళీ మోగుతూనే ఉంది. ముగ్గురిలో ఎవరూ తొందరపడలేదు.