సరే అన్నదెవరు?

“నువ్వు రాకపోతే ఆ తిండంతా ఎవరు మోస్తారు?” అన్నాడు దుర్గేష్, బూట్ల లేసులు ముడేసుకుంటూ, తలైనా ఎత్తకుండా.

ఎంత చక్కటి పిలుపో చూడండి! కొండ మీద సరస్సు ఉందట, ఆకాశం అందులోకి దిగొచ్చినట్టుంటుందట, ఒక్కసారి చూస్తే జన్మ ధన్యమట. తీరా చూస్తే కావలసింది మోసే మనిషి. ఇందుమతి అప్పటికే చింతపండు పులుసు అన్నంలో కలిపేసి, వేయించిన పల్లీలు పైన పోస్తోంది. ఈస్టర్ సెలవులకని వెల్లింగ్టన్ పక్కన జాన్సన్‌విల్‌లో ఇంటికి తాళం వేసి, ఫెర్రీలో సౌత్ ఐలాండ్‌కి దాటి, ఈ కొండల కింద ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నారు. సెలవులు అందరికీ వచ్చాయి. ఆమెకు మాత్రం వంటిల్లు మారింది, అంతే. ఏ అరలో ఏ గరిటె ఉందో తెలియని వంటింట్లో తెల్లారకముందే లేచి తడుముకుంటోంది.

“ఒళ్ళంతా పులిసిపోయిందండీ. నేనూ లక్ష్మితో పాటు ఇక్కడే ఉండిపోతాను” అంది. లక్ష్మి అంటే వాళ్ళతో వచ్చిన స్నేహితుడు రామమోహన్ భార్య. మోకాలి నొప్పని ముసుగు తన్ని పడుకుంది, అదృష్టవంతురాలు.

“లక్ష్మికి మోకాలు అరిగింది. నీకేం అరిగింది?” అన్నాడు దుర్గేష్.

ఏం అరిగిందో చెప్పడం మొదలుపెడితే పొద్దు గూకుతుంది. అందుకని ఇందుమతి డబ్బాల మూతలు బిగించింది. పులిహోర, పెరుగన్నం, నిమ్మకాయ పచ్చడి, స్టీలు పళ్ళేలు, కూతురి జాకెట్టు, మొగుడి జాకెట్టు, రామమోహన్‌గారి జాకెట్టు కూడా, అన్నీ ఒక్క బ్యాగులో సర్దింది. మన గుంపులు ఈ దేశంలో ఎక్కడికి నడిచినా ఇదే ఏర్పాటు. ఇక్కడివాళ్ళు, కివీలైతే, ఎవరి బ్యాగు వాళ్ళ వీపున వేసుకుంటారు. మనకి తిండి బ్యాగు ఒక్కటే ఉంటుంది, అది వండిన మనిషి వీపు మీదే ఉంటుంది. మగవాళ్ళిద్దరూ తలా ఒక నీళ్ళ సీసా పట్టుకున్నారు. పదిహేనేళ్ళ కూతురు నిహారిక చెవుల్లో పాటలు పెట్టుకుని ముందు నడిచింది.

దారి మొదట్లో బీచ్ అనే జాతి చెట్ల అడవి. మొద్దులన్నీ మసి పూసినట్టు నల్లగా ఉన్నాయి. దారి తప్పకుండా చెట్లకు అక్కడక్కడ నారింజ రంగు బిళ్ళలు కొట్టారు. ఒక బుల్లి పిట్ట మనిషంటే భయం లేకుండా ఇందుమతి కాలి దగ్గరికి వచ్చి, ఆమె మొహంలోకి చూసి, ఏదో గుర్తుపట్టినట్టు తల వంచి వెళ్ళిపోయింది. “అన్నపూర్ణ మనవెంట ఉంటే మనకేం భయం బావా” అంటున్నాడు ముందు రామమోహన్. అన్నపూర్ణకి భుజాలు లాగేస్తున్నాయని ఆ పొగిడేవాళ్ళకి ఎప్పుడూ తట్టదు.

నడుస్తున్నది కాళ్ళే గాని ఆమె మనసంతా మంగళవారం మీద ఉంది. వెల్లింగ్టన్‌లో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది ఇందుమతి. ఇన్నేళ్ళూ సాయంత్రం షిఫ్టులే చేసింది, అవీ వారాంతాల్లో. మా అబ్బాయికి వేడన్నం తప్ప దిగదమ్మా అని అత్తగారు ఎప్పుడో ఫోన్లో అన్న మాటకి కట్టుబడి, పొద్దున వంట, సాయంత్రం ల్యాబు, మధ్యలో బట్టలు. ల్యాబులో ఎవరి పుట్టినరోజొచ్చినా “ఇందూ, నీ సమోసాలు మర్చిపోకు” అంటారు. తెనాలి పిల్ల, జన్మలో సమోసా చుట్టింది కాదు, వాళ్ళ కోసం కొని, డబ్బా మార్చి పట్టుకెళ్తుంది. అలాంటి చోట పోయిన వారం ల్యాబు పెద్దావిడ తన గదిలోకి పిలిచి, మొత్తం సెక్షన్ నువ్వు చూసుకుంటావా అని అడిగింది. పగటి ఉద్యోగం. మంగళవారం జవాబు చెప్పాలి. ఇందుమతికి ఆ రోజు బస్సులో ఏడుపొచ్చేసింది, సంతోషంతో. ఇంటికొచ్చి చెబితే దుర్గేష్ ఫోన్లోంచి కళ్ళు తిప్పకుండా “బానే ఉంది గాని, జూన్‌లో అమ్మ వస్తోందిగా. ఇంట్లో ఎవరుండాలి? కుదరదని చెప్పేయ్” అన్నాడు. ఆమె ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. ఆయన మాత్రం ఆ పూటే వాళ్ళమ్మకి ఫోన్ చేసి, నువ్వు నిశ్చింతగా రావే, ఇంట్లో మనిషి ఉంటుంది అని చెప్పేశాడు. ఇంట్లో మనిషి! పేరు చెప్పడానిక్కూడా నోరు రాలేదు మహానుభావుడికి.

చెట్లు అయిపోయాక పసుపుపచ్చ గడ్డి, ఆ పైన రాళ్ళు. బూటులో రాయి దూరిందని ఇందుమతి ఆగి, విప్పి, దులుపుకుని తలెత్తేసరికి ముందు నడుస్తున్న ముగ్గురూ లేరు. పొగమంచు. అది ఎటునుంచో రావడం ఆమె చూడలేదు. ఉన్నట్టుండి లోకమంతా అదే. రెండు బారల అవతల ఏముందో తెలియదు. తడుముకుంటూ నాలుగడుగులు వేస్తే ఎదురుగా నీళ్ళు తగిలాయి. సరస్సు! అలలు లేవు, చప్పుడు లేదు, నల్లగా, ఊపిరి బిగపట్టినట్టు ఉంది. ఒడ్డునే ఒక బండ ఉంటే దాన్ని పట్టుకుని నిలబడింది.

“ఇదిగో!” అని దుర్గేష్ కేక ఎక్కడినుంచో వినిపించింది.

ఆయన ఆమెను పిలిచే పిలుపు అదే. ఇంట్లోనైనా బజార్లోనైనా ఇదిగో. ఆమెకు ‘ఆఁ’ అన్న జవాబు గొంతు దాకా వచ్చేసింది. అంతలోకే ఏమైందో, అమ్మమ్మ మాట చెవిలో పడ్డట్టయింది. మనిషి కనపడని చోట పిలుపు వినపడితే మూడోసారి పిలిచేదాకా పలక్కే పిల్లా, పలికావో నీ గొంతు దానికిచ్చేసినట్టే. చిన్నప్పుడు నవ్వేది. ఇప్పుడు నవ్వు రాలేదు. నోరు మూసుకుంది.

“ఆఁ, వస్తున్నానండీ!” అని జవాబు వినిపించింది.

ఆమె పలకలేదు. కాని ఆ గొంతు ఆమెదే. చివర్లో ఆ చిన్న సాగదీత, చేస్తున్న పని వదిలేసి చేతులు కొంగుకి తుడుచుకుంటూ పరుగెత్తే మనిషి తొందర, అంతా ఆమెదే. ఇందుమతి బండ మీద కూలబడింది. కొండలకు తగిలి వచ్చిన ప్రతిధ్వని అనుకుందామంటే, అనని మాటకి ప్రతిధ్వని ఎక్కడిది?

ఆ తర్వాత స్టీలు డబ్బాల మూతలు తీసిన చప్పుడు. పళ్ళేలు పరిచిన చప్పుడు. ఇంగువ పోపు వాసన కూడా వచ్చింది. ఆమె వెనక్కి చెయ్యి పెట్టి బ్యాగు తడిమింది. జిప్పు వేసినట్టే ఉంది. లోపల డబ్బా ఇంకా వెచ్చగా ఉంది.

“ఉప్పు తక్కువైంది” అన్నాడు దుర్గేష్ గొంతు.

“కలిపి పెట్టమంటారా?” అంది ఆ గొంతు.

“చెల్లెమ్మా, పచ్చడి ఇంకొంచెం” అన్నాడు రామమోహన్.

“ఇదిగో అన్నయ్యగారూ.”

ఉన్నమాట చెప్పాలంటే ఇందుమతికి భయంలోనే కొంచెం హాయి కూడా కలిగింది. అబ్బ, ఇన్నాళ్ళకి ఎవరో వడ్డిస్తుంటే తను కూర్చుంది! తింటే తిననీ, పెడితే పెట్టనీ. కాని కాసేపటికి ఆ హాయి చేదైపోయింది. ఒక్కరైనా, ఒక్కసారైనా, ఏమిటిలా ఉన్నావు అని అడగరేం? ఇన్నేళ్ళు పక్కన పడుకున్న మనిషికి తేడా తెలియలేదు. తెలియడానికి ఆయన ఏనాడు మొహం చూశాడు గనక?

“అమ్మా, నీ హ్యాండ్స్ ఏంటి ఇంత కోల్డ్‌గా ఉన్నాయి?” అంది నిహారిక గొంతు.

ఇందుమతి ప్రాణం లేచొచ్చింది. నా తల్లే, నువ్వు కనిపెట్టావు!

“పొద్దస్తమానం చన్నీళ్ళలో గిన్నెలు కడిగే చేతులు అలాగే ఉంటాయిలే” అన్నాడు దుర్గేష్. రామమోహన్ నవ్వాడు. ఆ గొంతు కూడా సన్నగా నవ్వింది.

“అన్నట్టు, ఆ ఉద్యోగం సంగతి. మంగళవారం కుదరదని చెప్పేస్తావుగా?” అన్నాడు దుర్గేష్.

ఇందుమతి బండని రెండు చేతులా పట్టుకుంది. అనకే, అని వేడుకుంది. ఎవతివో గాని, నా గొంతుతో ఆ మాట మాత్రం అనకు తల్లీ.

“సరేలెండి” అంది ఆ గొంతు, నెమ్మదిగా, మర్యాదగా.

తనెన్నిసార్లు అన్నదో ఆ మాట, అచ్చం అలాగే! తోటికోడలికి పెళ్ళిచీర ఇచ్చేయమన్నప్పుడు, పుట్టింటి ప్రయాణం మానుకోమన్నప్పుడు, రెండో కాన్పు వద్దని ఆయనన్న రోజు ఆస్పత్రి బయట. అనేటప్పుడు అది తన మాటే అనుకుంది. బయట నిలబడి వింటే కదా తెలిసింది, ఆ గొంతులో మనిషి లేదని.

“ఇక దిగుదామా? ఇదిగో, సర్దెయ్” అన్నాడు దుర్గేష్. పళ్ళేలు ఒకదాంట్లో ఒకటి పడ్డాయి. రాళ్ళ మీద అడుగులు కదిలాయి.

అప్పుడు తట్టింది ఇందుమతికి అసలు సంగతి. వీళ్ళు దీన్ని వెంటబెట్టుకుని కిందికి దిగిపోతారు. కారెక్కుతారు, ఫెర్రీ ఎక్కుతారు. మంగళవారం పొద్దున అది నా గొంతుతో ల్యాబుకి ఫోన్ చేసి కుదరదంటుంది. జూన్‌లో అత్తగారికి వేడన్నం వడ్డిస్తుంది. నేనిక్కడ ఈ బండ మీద ఉండిపోతాను. తప్పిపోయిన మనిషి కోసమైతే హెలికాప్టర్లు తెచ్చి వెతుకుతారు. మనిషి తప్పిపోయిందనే ఎవరూ అనుకోకపోతే ఎవరొస్తారు? నిహారిక ఆ చల్లటి చేతులు పట్టుకుని పెరుగుతుంది. అదే అమ్మ అనుకుంటుంది. రేపు తనూ అలాగే తయారవుతుంది.

“ఆగండి!” అని అరిచింది. గొంతు జీరపోయింది. మళ్ళీ గుండెనిండా గాలి పీల్చుకుని అరిచింది. “నేను ఒప్పుకోలేదు! విన్నారా? నేను ఒప్పుకోలేదు!”

కొండలు నాలుగు పక్కలనుంచీ ఆ కేకని తిరిగి ఇచ్చాయి. సరస్సు మీద మొదటిసారి నీళ్ళు కదిలాయి. మంచు చిరిగినట్టు విడిపోయింది. పదడుగుల దూరంలో ముగ్గురూ నిలబడి ఉన్నారు. ఇంత దగ్గరా! నిహారిక తన అరచేతిని చూసుకుంటోంది, ఇంతసేపూ పట్టుకున్న చెయ్యి ఏమైందో తెలియనట్టు. రామమోహన్ మొహం పాలిపోయింది. దుర్గేష్ కుడిచేతి వేళ్ళకు పులిహోర పసుపు అంటుకుని ఉంది. ఆమె వీపు మీద బ్యాగు బరువు పిసరంతైనా తగ్గలేదు.

“నువ్వు... ఇటు కదా ఉన్నావు?” అన్నాడు దుర్గేష్, పక్కనున్న ఖాళీ చోటు చూపిస్తూ. తర్వాత భయం దిగమింగుకుని, అలవాటైన చిరాకు తెచ్చుకున్నాడు. “ఏంటా కేకలు? ఇప్పుడేగా సరేనన్నావ్? మా అందరి ముందూ అన్నావ్!”

ఇందుమతి బ్యాగు విప్పి కింద పెట్టింది. అందులోంచి తన కూతురి జాకెట్టు ఒక్కటే తీసి, వెళ్ళి పిల్ల భుజాల చుట్టూ కప్పి, ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. “వార్మ్‌గా ఉంది” అంది నిహారిక గుసగుసగా, కళ్ళనీళ్ళు పెట్టుకుని. అప్పుడు మొగుడి వైపు తిరిగింది.

“నేను మంగళవారం ఆ ఉద్యోగానికి ఒప్పుకుంటున్నాను. మీకు సరేనన్నావిడ ఎవరో, ఆవిణ్ణే ఇంటికి తీసుకెళ్ళండి.”