పొడుగు ముక్కు, పొడుగు ప్రార్థన

చొప్పదండిలో కాలిపోయిన మోటర్లకు తీగ చుట్టే తిమోతికి భార్య ఎలీసబెతు పెట్టిన షరతు చిన్నదే. ఈస్టర్ తెల్లవారి ఆరాధనలో అతను ఆమె పక్కన నిలబడాలి. నిరుడు నిలబడలేదు. నిరుడు చెరువు బురదలో దిగబడ్డాడు.

"ఈసారి గూడ పిట్టల ఎంబడి వోయినవనుకో, గా పిట్టలే నీకు బువ్వ వండాలె" అన్నది.

తిమోతి కోరికా చిన్నదే. చలికాలమంతా బురదరంగులో బురద పొడుచుకు తినే పొడుగు ముక్కు ఉల్లంకి పిట్ట, ఎండలు ముదిరి ఉత్తరానికి వెళ్లే ముందు రొమ్మంతా ఇటుకరంగుకు తిరుగుతుందట. ఆ రంగు ఒక్కసారి కళ్లారా చూడాలి. ఏటా రంగు వచ్చే వేళకు పిట్ట ఉండదు, ఖాళీ చెరువుంటుంది. వలస పిట్టకు తనంటే అలుసని అతని నమ్మకం.

రెండు కోరికలూ ఒకే పొద్దున పడేసరికి, వృత్తిధర్మంగా రెంటినీ ఒకే కాయిల్‌కు చుట్టాడు. పాస్టరయ్యగారి దగ్గరికి వెళ్లాడు.

"అయ్యగారూ, ఏటా సమాధుల తోటల ఆరాధన చేస్తున్నం. ఆడ గుట్ట అడ్డం. సూర్యుడు కనవడే యాల్లకు జనం టిఫిన్లకు వోతున్నరు. చెరువుకట్ట మీద పెడితే నీళ్లల్లకెల్లి లేస్తడు."

"మంచి దర్శనం తిమోతీ!" అని అయ్యగారు మురిసిపోయారు. తాను కోరే దర్శనం వేరని తిమోతి చెప్పలేదు.

ఈస్టర్ నాడు చీకటితోనే కట్ట నిండింది. దుబాయి నుంచి బావమరిది తెచ్చిచ్చిన బైనాక్యులర్‌ను ఎలీసబెతు లాక్కుని సంచిలో వేసుకున్నది.

"బైబిల్ వట్టుకో. గిది నా తాన ఉంటది."

కింద మసక వెలుతురులో పిట్టల గుంపు మేస్తోంది. మైక్‌సెట్ హనుమండ్లు స్పీకర్ డబ్బాలను సరిగ్గా వాటి వైపే తిప్పి పెట్టాడు.

"క్రీస్తు లేచెను!" అన్నారు అయ్యగారు.

"నిజముగా లేచెను!" అన్నారు జనం.

చెరువులో పిట్టలన్నీ లేచాయి. తిమోతి కూలబడ్డాడు.

"లే! అందరు లేస్తుంటే కూసుంటవేందయ్యా?" అన్నది ఎలీసబెతు.

తరువాత కళ్లు మూసుకోమన్నారు. అయ్యగారి ప్రార్థన ఉల్లంకి ముక్కు కంటే పొడుగు. ఊళ్లోని రోగులతో మొదలై, గల్ఫ్‌లో ఉన్న పిల్లల పేర్లు ఒక్కొక్కటే ఎత్తుకుంటూ పోతుంది. మస్కట్ చేరేసరికి కరెంటు పోయింది. మైకు మూగబోయింది, అయ్యగారు వట్టి గొంతుతోనే సాగించారు. డబ్బాల హోరు ఆగేసరికి తిమోతికి రెక్కల చప్పుడు వినిపించింది. ఆ వెనకే కట్ట కింద, పిలిస్తే పలికేంత దగ్గర్లో, నీళ్లలో చప్ చప్‌మని అడుగులు.

తెరిస్తే పిట్ట. తెరిస్తే పెళ్లాం కూడా.

దేవుడైతే క్షమిస్తాడు. తిమోతి కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నాడు. దోహా అయింది, కువైట్ అయింది. 'ఆమేన్'తో పాటే కరెంటు వచ్చింది, డబ్బాలు గర్జించాయి. కళ్లు తెరిచేసరికి బురద మీద కాలిగుర్తులున్నాయి.

టీ తాగుతుండగా ఎలీసబెతు బైనాక్యులర్ తిరిగి ఇచ్చేసింది.

"ఇయ్యాల మంచిగ మూసుకున్నవయ్యా. మస్కట్ కాడికెల్లి ఆమేన్ దాంక నేను చూస్తనే ఉన్న."

"కండ్లు తెరిచినవా నువ్వు?"

"తెరువకుంటే నువ్వు మూసుకున్నది ఎట్ల తెలుస్తది? అవునుగని, గీ కట్ట కింద ఒకటి నిలవడ్డది. పొడుగు ముక్కుది. రొమ్ము ఎర్రగ, ఇటుక లెక్క. గదేం పిట్ట?"

తిమోతి టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఎంతసేపున్నది?"

"ప్రార్థన అయ్యేదాంక. కదలలే మెదలలే, నిన్నే చూసుకుంట నిలవడ్డది."