షెడ్డు గోడకి బల్ల

డ్రిల్లు గోడలోకి దిగగానే బూడిదరంగు పొడి రాలింది. అంటే ఇటుక తగల్లేదు, రెండు ఇటుకల మధ్య సిమెంటు తగిలింది. అక్కడ బోల్టు బిగిస్తే నాలుగు రోజులుండి ఊడొస్తుంది. ప్రణతి రెండంగుళాలు పైకి జరిపి మళ్ళీ నొక్కింది. ఈసారి ఎర్రటి పొడి మోచేతి దాకా కారింది. "హమ్మయ్య, దొరికావా!" అంది ఇటుకతో.

కారు షెడ్డు గుమ్మంలో అత్తగారు జానకీదేవి నిలబడి ఉన్నారు. "వడ్రంగిని పిలిస్తే రాడా అమ్మా? రోడ్డు మీద పోయేవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?"

"బల్ల బిగిస్తోంది అనుకుంటారండి."

ఎలక్ట్రికల్ డిప్లమా ఫస్ట్ క్లాసులో పాసైన మనిషి ప్రణతి. పెళ్ళయిన పదహారేళ్ళుగా ఆ వీధిలో పాడైన ప్రతి మిక్సీ, ప్రతి ఫ్యానూ ఈ షెడ్డుకే వస్తుంది. "వదినా, కాస్త చూసిపెట్టవా" అని వదిలేసి పోతారు. వంటయ్యాక, గిన్నెలు తోమాక, కారు పక్కన నేలమీద చతికిలబడి చూసిపెడుతుంది. భర్త జీవరాజు రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ మోటారు కాలిపోతే దానికి తీగ చుట్టేదీ ఆవిడే. చెరువు గట్టు మీద ఎవరైనా అడిగితే మాత్రం ఆయన "మా మెకానిక్ చేశాడు" అంటాడు. చేశాడట! అదైనా నయం. చుట్టాలొస్తే "మా ఆవిడకి స్క్రూడ్రైవర్ ఇచ్చి కూర్చోబెడితే చాలండి, చీర కూడా అడగదు" అని నవ్విస్తాడు. అందరూ నవ్వి, ఆవిడ చేతే కాఫీలు పెట్టించుకుంటారు. మొన్నో మోటారు ముందు నుంచి లేవబోతే మోకాళ్ళు సహకరించలేదు. కారు బంపరు పట్టుకుని లేచింది. లేచాక ఒళ్ళు మండింది. ఆ మంటలోనే బల్ల కొలతలు రాసుకుంది.

పలకకి పాత ఇంటి టేకు తలుపు రెక్క, కింద మూడు ఇనప బ్రాకెట్లు, ఒక్కోదానికి నాలుగేసి బోల్టులు. రసమట్టంలో బుడగ మధ్యకి వచ్చేదాకా నానా తిప్పలు పడింది. అంతా అయ్యాక బల్లెక్కి రెండుసార్లు గెంతింది కూడా. "పడతావమ్మా!" అని అత్తగారు గుండె పట్టుకున్నారు. బల్ల కిక్కురుమనలేదు.

మర్నాడు మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని ప్రణతి షెడ్డులోకి వచ్చేసరికి బల్ల నిండా రొయ్యల మేత బస్తాలు. జీవరాజు చేతులు దులుపుకుంటున్నాడు. మొహం వెలిగిపోతోంది. అది చూసి ఆవిడకి మరింత కోపమొచ్చింది.

"గట్టిగానే చేశావే! రెండొందల కేజీలు పెట్టినా కదల్లేదు. మొత్తానికి పనికొచ్చింది."

"దించండి."

"ఏంటి?"

"బస్తాలు దించండి. అది నేను పనిచేసుకోడానికి కట్టుకున్న బల్లండి."

"నీకేం, కింద కూర్చుని చేసుకోడం అలవాటేగా. మేత నేలమీద పెడితే చెమ్మెక్కి పాడైపోతుంది."

ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే మేత గురించి బెంగపడ్డాడు.

"అక్కడ చెమ్మని మీకు తెలుసన్నమాట." ప్రణతి గొంతు పెంచలేదు. "తెలిసే నన్ను పదహారేళ్ళు దానిమీద కూర్చోనిచ్చారు."

ఆవిడ మొదటి బస్తా చెవులు రెండూ పట్టుకుని లాగింది. అది ధబ్బున నేలమీద పడింది. రెండోదాని మీద చెయ్యి వేసింది.