నీలం ఎటు పోయింది?

వదిన గుడ్డ తీసింది. ఉంగరం మీద నీలం రంగు లేదు.

దుకాణం వెనక గదిలో, పాలిషు బల్ల దగ్గర జరిగిందిది. నేను పక్కనే కొత్తగా వచ్చిన రంగురంగుల టైటానియం ఉంగరాలు డబ్బాల్లో సర్దుతున్నాను. మా వదిన ఇరవై రెండేళ్లుగా బంగారం రుద్దుతోంది. ఆ చేతిలో పడితే మసిబారిన గొలుసైనా నవ్వాల్సిందే. ఇప్పుడు ఆ చేతిలో టైటానియం ఉంగరం, సొట్టగిన్నె మూతలా బూడిద రంగులో.

"రంగేదే?" అంది, నేనేదో కొంగున ముడేసుకున్నట్టు.

గుడ్డ తిప్పి చూశాం. నల్ల మరక తప్ప నీలం చుక్క లేదు.

కౌంటరు దగ్గర బస్సు డ్రైవరు కూర్చున్నాడు. ఆ ఉంగరం అతనిదే, గ్రీజు అంటిందని శుభ్రం చేయించుకోడానికి తెచ్చాడు. వదిన ఉంగరం అతని చేతిలో పెట్టింది.

"ఇది నాది కాదమ్మా. నాది నీలం."

"మీదే అన్నా."

లోపల చెక్కిన భార్య పేరు చూసుకున్నాడు.

యజమాని ఊడిపడ్డాడు. "ఇన్నేళ్ల చెయ్యి, ఇదా పని? రేపట్నుంచి రావద్దు!"

పొడి ఆయనిచ్చిందే. "అన్నిటికీ అదే పొడి, రుద్దితే మెరవనిది లేదు" అన్నదీ ఆయనే. తప్పు మాత్రం చేతిది! వీధి కొళాయి దగ్గర ఎవరికీ మాట మిగల్చని మా వదిన గుడ్డ మడిచి బల్ల మీద పెట్టేసింది.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. డబ్బా డబ్బాలో ఒక మడత కాగితం ఉండేది. "తీసి పారెయ్, చదివితే కస్టమరు వంద ప్రశ్నలేస్తాడు" అన్నాడీయన. పారేశాను. ఒక్కటీ చదవలేదు. నా బుద్ధి గడ్డి తిన్నది.

కొత్త డబ్బా చింపి, కాగితం విప్పి గట్టిగా చదివాను. "సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. పొడితో రుద్దరాదు. రంగు లోహం మీద పలచని పొర. అరిగితే కరెంటుతో మళ్లీ తెప్పించాలి."

"వాళ్లేదో రాస్తారు. మన సరుకు రంగు రాతి మీద గీత!" అన్నాడు యజమాని.

ఆయన వేలికీ ఒకటుంది, ఊదా రంగుది.

"అయితే మీది రుద్దండి," అన్నాను.

"రుద్దండి సార్, నేనూ చూస్తా," అన్నాడు డ్రైవరు.

రోషంగా పొడి అద్దుకుని రుద్దాడు. గుడ్డ తీశాడు. ఊదా పోయింది. తన వేలిని పరాయివాడి వేలిలా చూస్తూ ఉండిపోయాడు. ఎవరమూ నవ్వలేదు. నవ్వు కూడా రాలేదు.

తర్వాత డ్రైవరుతో అన్నాడు, "చేసినవాళ్లకు పంపి నీలం తెప్పిస్తాను. ఖర్చు నాది."

వదిన కదల్లేదు. "నన్ను రావద్దన్నారు."

"ఎవరన్నారు?"

"మీరే."

"...రా."

వదిన పొడిడబ్బా ఆయన ముందుకు తోసింది. "ఇది మీ దగ్గరే ఉంచండి. నాకు గిన్నెడు సబ్బు నీళ్లు తెప్పించండి."

తెప్పించలేదు. తానే పోయి తెచ్చాడు.

నేను కాగితాలు డబ్బాల్లోనే ఉంచుతున్నాను. చదివి మరీ ఉంచుతున్నాను.