మేం చెప్పిన సాగర్ నడత

గ్రానైటు బండ కింద భూమన్న నలిగి చచ్చిన గంటకే, "శవాన్ని పక్కకు వెట్టి పని చాలూ జెయ్యుండ్రి" అన్నాడు సూపర్‌వైజర్ రామచంద్రం. క్వారీలో రెండు వందల మందిమి ఉన్నాం. అందరి రక్తమూ ఉడికింది. సమ్మెట ఎత్తింది మాత్రం పందొమ్మిదేళ్ల సాగర్. రామచంద్రం నడుము విరిగింది, ఇక మంచం మీంచి లేవడు. అతనూ మాలాగే జీతానికి వచ్చినవాడే. యజమాని దామోదర్‌రావు మీద దుమ్ము కూడా పడలేదు.

కరీంనగర్ కోర్టు నేరం రుజువైందన్నది. చిన్న వయసు కదా, శిక్ష తగ్గించవచ్చేమో చూద్దామని, సాగర్ నడత కనుక్కురమ్మని జడ్జిగారు ఒక ఆఫీసరును మా వాడకు పంపారు. మాకు ఒకటే సంబరం. చాప పరిచి, చాయ పోసి, పోటీపడి చెప్పాం.

"మా సాగర్ ఎవ్వనికి భయపడడు సార్," అన్నాను నేను.

"అన్యాలం జూస్తె ఊకోడు. అందరికంటె ముందట నిలవడ్తడు," అన్నది మాతో క్వారీలో పనిచేసే కమలవ్వ.

తల్లి యాదవ్వ ఒక్కతే అడ్డం పడింది. "లేదు సార్, నా కొడుకు ఉత్త పిరికోడు. ఉరిమితె నా పక్కల దూరి పంటడు."

కొడుకు పరువు తీస్తున్నదని ఆమెను కసిరాం. నోరు మూయించాం. ఈ మాట వింటున్న చదువుకునే పిల్లలారా, ఇది మెచ్చుకోలు కోసం చెప్పడం లేదు. సిగ్గుతో చెబుతున్నాను.

శిక్ష రోజు జడ్జిగారు ఆ రిపోర్టే చదివారు. "వయసు చిన్నదే. కానీ ఇతనికి భయం లేదు. చుట్టూ ఉన్నవాళ్లు ఇతన్ని వీరుడంటున్నారు. బయట ఉంటే మళ్లీ చేస్తాడు. పదేళ్లు."

యాదవ్వ నా అంగీ పట్టుకుంది. "నా నోరు మూసినవ్ గదరా హనుమండ్లూ! మీకు సిపాయి గావాలె. నాకు కొడుకు గావాలె."

 

సాగర్‌ను జైలుకు తీసుకుపోకుండా కోర్టు గేటుకు అడ్డంగా నలభై మందిమి కూర్చున్నాం. ఎస్సై లాఠీ ఎత్తాడు. "ముందట కూసున్నదెవడ్రా? పేరు చెప్పు!"

"హనుమండ్లు. గా దినం 'కొట్టుండ్రా' అని ఒర్లింది నేనే. భయానికి కోర్టుల చెప్పలే. గిప్పుడు రాస్కో."

"కమలవ్వ. నేన్గూడ ఒర్లిన. రాస్కో."

"నరేశ్. రాస్కో."

ఎస్సై కలం తీయలేదు. "కేసు అయిపోయింది, లేవుండ్రి," అన్నాడు. సాగర్‌ను వెనక గేటు నుంచి ఎప్పుడో తీసుకుపోయారట. అయినా ఎవరమూ లేవలేదు. ఒకరి తర్వాత ఒకరం పేర్లు చెబుతూనే ఉన్నాం.