ఆకుపచ్చ చుక్క

మధ్యాహ్నం రెండు కూడా కాలేదు, గేటు దగ్గర లారీ అప్పుడే మూడోసారి హారన్ కొట్టింది. కదిరమ్మ తల ఎత్తలేదు. బ్రేక్ లివర్‌ను ట్యూబులైటు కింద వాలుగా పట్టుకుని, దాని మెడ దగ్గర గోరుతో గీసి చూసింది. గోరుకు సన్నగా పగులు తగిలింది. కొలతలు చూసే గేజు పాస్ చేసిన పీసే అయినా, దాని మీద ఎర్ర చుక్క పెట్టి పనికిరానివి వేసే ఎర్ర ట్రేలో పడేసింది.

బాగలూరు గులాబీ తోటల్లో తొమ్మిదేళ్లు పూలు గ్రేడు చేసిన కన్ను అది. కాడ అరంగుళం తగ్గినా, రేకు మీద మచ్చ ఉన్నా దొరికిపోయేది. మూకండపల్లిలోని ఈ ఫ్యాక్టరీకి వచ్చి నాలుగేళ్లయింది. ఇలాంటి కన్ను ఇంకొకరికి లేదని మీటింగుల్లో చప్పట్లు కొట్టిస్తారు. కూలి మాత్రం రోజుకు నాలుగువందల ఇరవై, పేరు ఇంకా ట్రైనీ. నాలుగేళ్లయినా నేర్చుకోవడానికి ఇంకేం మిగిలిందో ఆ మేనేజర్లకే తెలియాలి.

తనిఖీ చేసే ముగ్గురు ఆడవాళ్లకు మూడు రంగులు. కదిరమ్మది ఆకుపచ్చ, వరమ్మది పసుపు, చిత్రది నీలం. మంచి పీసు మీద ఎవరి చుక్క వాళ్లు పెట్టాలి. బయట ఎక్కడ లివర్ విరిగినా చుక్కను చూసి మనిషిని పట్టుకుంటారు.

పోయిన నెల చిత్రను అలాగే పట్టుకున్నారు. విరిగిన లివర్ ఫోటో వచ్చింది, దాని మీద నీలం చుక్క ఉంది. గంటలో ఆమెను గేటు దాటించారు. నిజానికి ఆ లోడులోని పగుళ్ల పీసులను చిత్ర మొదట ఎర్ర ట్రేలోనే వేసింది. సూపర్‌వైజర్ పరశురామ్ దగ్గరుండి చుక్కలు మార్పించాడు. అది కదిరమ్మ కళ్లారా చూసి కూడా, చిత్రను పంపేసిన రోజు నోరు విప్పలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

ఇప్పుడు పరశురామ్ రంగు తుడిచే థిన్నర్ సీసా, పాత గుడ్డ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

“కదిరమ్మా, లోడుకు నూరు పీసులు తక్కువొచ్చినాయి. ఈ ఎర్రవి తుడిచేసి నీ చుక్క పెట్టేయ్.”

“అవి పగిలిండేవి సార్.”

“గేజులో పాసయినాయి కదా. నీ గోరుకేం తెలుసు?”

“నిన్న మీటింగులో ఈ గోరుకే కదా చప్పట్లు కొట్టిచ్చినారు.”

పరశురామ్ గొంతు తగ్గించాడు. “వచ్చే నెల పర్మనెంట్ లిస్టు పోతాది. నీ పేరు మొదట రాసిండాను. చెడగొట్టుకోవద్దు.”

ఆ లిస్టు కోసమే ఆమె జ్వరమొచ్చినా సెలవు పెట్టకుండా వచ్చింది. చెయ్యి గుడ్డ దాకా పోయింది. అంతలో చిత్ర కూర్చునే స్టూలు ఖాళీగా కంటపడింది. గుడ్డను పక్కకు తోసేసింది.

“రేపు బ్రేకు విరిగి ఎవరో రోడ్డు మీద పడితే, చిత్రను చూపిచ్చినట్ల నన్నూ చూపిస్తావు. నేను పెట్టనప్పా.” సార్ అన్న మాట నోటికి రాలేదు.

“నువ్వు పెట్టకపోతే నేనే పెడతా. నీ రంగు సీసా ఈడ ఇయ్యి.”

కదిరమ్మ తన ఆకుపచ్చ రంగు సీసాను పిడికిట్లో బిగించింది. “ఈ చుక్క ఉంటే నేను చూసి ఒప్పుకున్నానని అర్థం. ఇయ్యను.”

“అట్లయితే రేపట్నుంచి రావద్దు.”

“వస్తా. ఆపేదుంటే గేటు కాడ ఆపు. ఎందుకు ఆపినావో ఆడ అందరికీ చెప్తా.”

లారీ మళ్లీ హారన్ కొట్టింది. పరశురామ్ పక్క టేబుల్ వైపు తిరిగి చెయ్యి చాపాడు.

“వరమ్మా, నీ పసుపు ఇయ్యి.”

వరమ్మ ఖాళీ స్టూలు వైపు చూసింది. తన సీసా మూత బిగించి ఒళ్లో పెట్టుకుంది.